విమాన సంస్థలు కలిసిపోయాక క్యాబిన్ క్రూ యూనియన్‌కి గుర్తింపు: లెక్క ఎక్కడ కుదురుతుంది, ఎక్కడ చెడుతుంది

అమ్మా, మీరు అడిగింది ఇదీ. మీది అమలాపురం. మీతో పనిచేసేవాళ్లలో నలుగురైదుగురిది భీమవరం, పాలకొల్లు, రావులపాలెం వైపు. అందరి బేస్ (డ్యూటీ మొదలయ్యే విమానాశ్రయం) శంషాబాద్. మీ విమాన సంస్థ ఇంకో సంస్థలో కలిసిపోయింది. పాత సంస్థలో మీకు యూనియన్ ఉండేది, అవతలివాళ్లకి లేదు. ఇప్పుడు హెచ్‌ఆర్ వాళ్లు ఆ యూనియన్ పాత కంపెనీతోనే పోయింది, ఏదున్నా ఎవరికి వాళ్లు మెయిల్ పెట్టుకోండి అంటున్నారు. అమెరికాలోలాగా యూనియన్ కావాలని కార్డుల మీద సంతకాలు తీసుకుని ఓటింగ్ పెట్టించవచ్చా, కాకినాడ లేబర్ ఆఫీసులో అర్జీ ఇస్తే సరిపోతుందా అన్నవి మీ రెండు ప్రశ్నలు.

హెచ్‌ఆర్ చెప్పినదాంట్లో ఒక ముక్క నిజం, ఒక ముక్క అబద్ధం. యూనియన్ పోలేదు. యూనియన్‌కి రిజిస్ట్రేషన్ ఇచ్చేది ట్రేడ్ యూనియన్ల రిజిస్ట్రార్. కంపెనీ పేరు మారినంతమాత్రాన అది రద్దు కాదు. గుర్తింపు సంగతి వేరు. గుర్తింపు అంటే యాజమాన్యం మీతో కూర్చుని బేరం ఆడాల్సిన బాధ్యత. అది ఆ సంస్థ మస్టర్ రోల్‌లో (వర్కర్ల హాజరు పట్టికలో) ఎంతమంది మీ వెనక ఉన్నారన్న లెక్క మీద నిలబడుతుంది. మస్టర్ పెరిగింది, మీ సభ్యులు పెరగలేదు, కాబట్టి శాతం పడిపోయింది. ఇక్కడినుంచి మీరు చేసే ప్రతి పనీ ఈ శాతాన్ని మళ్లీ కట్టడం కోసమే. డిమాండ్ల పట్టిక తరవాత రాసుకోవచ్చు.

2025 నవంబరు 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్, 2020 అమల్లోకి వచ్చింది. 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం, 1947 పారిశ్రామిక వివాదాల చట్టం దాంట్లో కలిసిపోయాయి. కేంద్ర స్థాయిలో గుర్తింపు చట్టం ద్వారా అమల్లోకి రావడం ఇదే మొదలు. సెక్షన్ 14 ప్రకారం సంస్థలో ఒకటి కంటే ఎక్కువ యూనియన్లుంటే, మస్టర్‌లో ఉన్న వర్కర్లలో 51 శాతం మద్దతున్న యూనియనే ఏకైక సంప్రదింపుల యూనియన్. ఎవరికీ 51 శాతం లేకపోతే సంప్రదింపుల మండలి వేస్తారు. అందులో కనీసం 20 శాతం మద్దతున్న యూనియన్లకే చోటు, ప్రతి 20 శాతానికీ ఒక ప్రతినిధి. ఒకే యూనియన్ ఉంటే రూల్స్‌లోని ప్రమాణాలకు లోబడి దాన్నే గుర్తించాలి. ఒకసారి వచ్చిన గుర్తింపు మూడేళ్లు ఉంటుంది, ఇరుపక్షాలూ ఒప్పుకుంటే మొత్తం అయిదేళ్ల దాకా సాగుతుంది.

ఇక కార్డుల సంగతి. అది అమెరికా రైల్వే లేబర్ చట్టం కింద ఉన్న పద్ధతి. 1926 నాటి ఆ చట్టాన్ని 1936లో విమాన సంస్థలకూ వర్తింపజేశారు. అక్కడ క్యాబిన్ క్రూ మొత్తాన్ని ఒకే వృత్తివర్గంగా, కంపెనీ అంతటికీ ఒకే ఓటరు జాబితాగా తీసుకుంటారు. 2012 నుంచి ఆ వర్గంలో సగం మంది కార్డుల మీద సంతకం చేస్తే నేషనల్ మీడియేషన్ బోర్డు ఎన్నిక పెడుతుంది. పైలట్లతో, గ్రౌండ్ సిబ్బందితో, మెకానిక్‌లతో ఆ లెక్కకి సంబంధం లేదు.

మన దగ్గర అలా లేదు. మన కోడ్‌లో శాతం లెక్కించేది సంస్థలోని వర్కర్లందరి మీదా. చాలామంది క్రూ తప్పటడుగు వేసేది ఇక్కడే. క్యాబిన్ క్రూలో నూటికి ఎనభైమంది మనవాళ్లే కాబట్టి గుర్తింపు వచ్చేసినట్టే అనుకుంటారు, ఆ ఎనభై శాతం మొత్తంలో ఎంతో చూసుకోరు.

ఊహాలెక్క ఒకటి వేసి చూపిస్తాను. విలీనం తరవాత మస్టర్‌లో 6,000 మంది వర్కర్లున్నారనుకోండి. అందులో క్యాబిన్ క్రూ 2,600. మొత్తంలో 51 శాతం అంటే 3,060. క్రూలో ప్రతి ఒక్కరూ చేరినా 43 శాతం దగ్గరే ఆగిపోతారు. అంటే క్రూ మాత్రమే ఉన్న యూనియన్ ఏకైక యూనియన్ కావడం ఈ లెక్కలో కుదరదు. మీ ముందు రెండు దారులున్నాయి. ఒకటి, గ్రౌండ్, ఇంజినీరింగ్ వాళ్లని కూడా కలుపుకుని, లోపల క్యాబిన్ క్రూకి వేరే విభాగం, వేరే ఎన్నికైన కమిటీ ఉండేలా ఒకే యూనియన్ కట్టడం. రెండోది, క్రూ యూనియన్‌గానే ఉండి మండలిలో కుర్చీలు సంపాదించడం.

రెండో దారిలో మెట్లు ఎక్కడున్నాయో చూడండి. ఇదే 6,000లో 20 శాతం అంటే 1,200. క్రూలో పాత సంస్థ ఒకదానివాళ్లు 1,500, ఇంకోదానివాళ్లు 1,100. ఎవరి యూనియన్ వాళ్లు పెట్టుకున్నారు. మొదటిదాంట్లో 1,250 మంది చేరారు, అది 20 శాతం దాటింది, ఒక కుర్చీ వచ్చింది. రెండోదాంట్లో 900 మంది చేరారు. అది 15 శాతమే, కుర్చీ లేదు. ఆ 900 మంది కట్టిన చందా, పడిన కష్టం లెక్కలోకే రావు. ఇద్దరూ కలిస్తే 2,150. ఇంకో 250 మందిని కలుపుకుంటే 2,400, అంటే సరిగ్గా 40 శాతం, రెండు కుర్చీలు. మండలిలో నిర్ణయం ప్రతినిధుల మెజారిటీతో జరుగుతుంది కాబట్టి ఒకటికీ రెంటికీ చాలా తేడా. మీ సంస్థ అసలు అంకెలు తెచ్చుకుని ఇదే లెక్క కాగితం మీద వేసుకోండి. 20, 40, 51 దగ్గర ఎంతమంది కావాలో, ఇప్పుడు ఎంతమంది ఉన్నారో తెలియకుండా సంతకాల పని మొదలుపెట్టొద్దు.

పాత సంస్థల గీత మీద చీలితే ఎంత నష్టమో డెల్టా, నార్త్‌వెస్ట్ విలీనంలో తెలిసింది. 2008లో ఆ రెండూ కలిశాయి. నార్త్‌వెస్ట్ క్రూకి అసోసియేషన్ ఆఫ్ ఫ్లైట్ అటెండెంట్స్ అనే యూనియన్ ఉండేది, డెల్టా క్రూకి లేదు. అచ్చం మీ పరిస్థితే. 2010 నవంబరులో ఓట్లు లెక్కిస్తే యూనియన్ వద్దన్నవి 9,544, కావాలన్నవి అన్నీ కలిపి 9,216. తేడా 328 ఓట్లు. దాంతో నార్త్‌వెస్ట్ వాళ్లు అప్పటిదాకా ఉన్న ప్రాతినిధ్యాన్నీ, ఒప్పందాన్నీ పోగొట్టుకున్నారు. ఉన్నవాళ్లు లేనివాళ్లని కలుపుకోలేకపోతే ఉన్నది కూడా పోతుంది.

మన దేశంలో 2007లో ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ కలిశాక పైలట్లు రెండు పాత సంఘాలుగానే ఉండిపోయారు. 2011లో ఒక సంఘం జీతాల సమానత్వం కోసం సమ్మె చేసింది. 2012లో రెండో సంఘం 58 రోజులు పనికి దూరంగా ఉంది. ఆ రెండోసారి గొడవ ప్రధానంగా కొత్త డ్రీమ్‌లైనర్ విమానాల మీద శిక్షణ అవతలివాళ్లకి కూడా ఇస్తున్నారని. అంతకుముందు 2011లోనే జీతభత్యాలు, ప్రమోషన్లు సరిచేయడానికి జస్టిస్ ధర్మాధికారి కమిటీని వేయాల్సి వచ్చింది. ఆ నివేదిక వచ్చింది 2012లో, విలీనమైన అయిదేళ్లకి.

రెండు పాత సంస్థల క్రూని విడగొట్టేది దాదాపు ఎప్పుడూ సీనియారిటీయే. అమెరికాలో సీనియారిటీ జాబితాలు న్యాయంగా, సమంగా కలపాలని 2007 నుంచి చట్టమే చెబుతోంది. మన దగ్గర అలాంటి ప్రత్యేక చట్టం లేదు. విలీన పథకంలో ఏముందో, మీరు ఏం ఒప్పించుకుంటారో అదే. కాబట్టి సభ్యత్వం మొదలుపెట్టకముందే రెండు పక్కలనుంచీ అయిదుగురేసి కూర్చుని సీనియారిటీ సూత్రాన్ని ఒక పేజీలో రాసుకోవాలి. వాదం ఎక్కువగా చేరిన తేదీ అంటే ఏ తేదీ అన్నదాని మీద వస్తుంది. ఒక సంస్థ శిక్షణ మొదలైన రోజుని లెక్కిస్తుంది. ఇంకోటి శిక్షణ అయిపోయి ఉద్యోగపు ఉత్తర్వు ఇచ్చిన రోజుని. మరోటి పర్యవేక్షణ లేకుండా మొదటిసారి ఫ్లయిట్ ఎక్కిన రోజుని. వీటి మధ్య నెలల తేడా ఉంటుంది. ఆ నెలల్లోనే వందమంది ముందువెనకలవుతారు. ఏదో ఒక తేదీని ఎంచుకుని ఇద్దరికీ అదే వర్తింపజేయండి. నన్నడిగితే శిక్షణ మొదలైన రోజు మేలు. అది కంపెనీ సౌకర్యం మీద ఆధారపడదు, ఇద్దరి దగ్గరా కాగితం ఉంటుంది. ఇన్‌ఛార్జి హోదాలో ఇప్పటికే ఉన్నవాళ్ల హోదాని సీనియారిటీ జాబితా కారణంగా తీసేయరని కూడా అందులోనే రాయండి. ఆ ఒక్క వాక్యం లేకపోతే అవతలి సీనియర్లు ఒక్కరూ సంతకం పెట్టరు.

ఇప్పుడు మీ పాత యూనియన్ బైలా (నియమావళి) తీసి సభ్యత్వం నిబంధన చదవండి. చాలావాటిలో ఫలానా ఎయిర్‌లైన్స్ ఉద్యోగులే సభ్యులు కావచ్చు అని రాసి ఉంటుంది. ఆ పేరుతో కంపెనీ ఇక లేదు. అవతలి సంస్థనుంచి వచ్చినవాళ్లని మీరు చేర్చుకుంటే, ఈ సభ్యత్వాలు బైలాకి విరుద్ధమని రేపు యాజమాన్యమో పోటీ యూనియనో అభ్యంతరం పెడితే మొత్తం సంతకాలు కొట్టుకుపోతాయి. అందుకే మొదట సర్వసభ్య సమావేశం పెట్టి ఆ నిబంధనని మార్చండి. 'ఫలానా సంస్థ, దాని వారసత్వ సంస్థలు, విలీనమైన సంస్థల క్యాబిన్ క్రూ' అన్న అర్థం వచ్చేలా రాయండి. యూనియన్ పేరే మార్చాలంటే మొత్తం సభ్యుల్లో మూడింట రెండొంతుల మంది సమ్మతి కావాలి. మార్పులన్నీ రిజిస్ట్రార్‌కి తెలియజేసి అందినట్టు ముద్ర వేయించుకోండి. 1926 చట్టం కింద రిజిస్టరైన యూనియన్ కొత్త కోడ్ కింద రిజిస్టరైనట్టే లెక్క. అయితే కోడ్‌కి తగ్గట్టు బైలా సవరించామని రిజిస్ట్రార్‌కి వివరం ఇవ్వాలి. ఆ రెండు పనులూ ఒకేసారి ముగించండి.

అవతలివైపు కూడా యూనియన్ ఉండి రెండూ కలవాలంటే, పాత చట్టంలో కొలత ఒకటుండేది. ప్రతి యూనియన్‌లోనూ ఓటున్నవాళ్లలో సగం మంది ఓటేయాలి, పడిన ఓట్లలో 60 శాతం అనుకూలంగా రావాలి. ఇప్పుడు ఎలా కలవాలన్నది రూల్స్ చెబుతాయి. రూల్స్‌తోపాటు ఆ పాత కొలత కూడా దాటారంటే విలీనాన్ని తప్పుపట్టడం ఎవరికైనా కష్టం.

కొత్త యూనియనే పెట్టాలనుకుంటే దరఖాస్తు మీద ఏడుగురు సంతకం చేస్తే చాలు. కానీ రిజిస్ట్రేషన్‌కి వర్కర్లలో 10 శాతం లేదా 100 మంది, ఏది తక్కువైతే అంతమంది సభ్యులుండాలి. ఆ సంఖ్య ఎప్పుడూ తగ్గకుండా చూసుకోవాలి. బయటివాళ్లు కార్యవర్గంలో మూడో వంతుకి లేదా అయిదుగురికి, ఏది తక్కువైతే దానికి మించకూడదు. ఏఐటీయూసీ, సీఐటీయూ, ఐఎన్‌టీయూసీ, బీఎంఎస్ లాంటి కేంద్ర సంఘానికి అనుబంధంగా ఉండాలా వద్దా అన్నది మీ ఇష్టం. వాళ్ల దగ్గర రిజిస్ట్రేషన్ పనులు, కన్సిలియేషన్‌లో (ప్రభుత్వ అధికారి ముందు జరిగే రాజీ చర్చల్లో) వాదన తెలిసినవాళ్లుంటారు. అందరూ ఒక పార్టీ కాని చోట, ముందు సభ్యత్వం నిలబెట్టి, అనుబంధం నిర్ణయాన్ని మొదటి సర్వసభ్య సమావేశానికి వదిలితే చీలిక రాదు.

రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా గురించి ఒక హెచ్చరిక. నమ్మకం కదా అని ఊళ్లో ఎవరో ఒకరి ఇంటి చిరునామా ఇవ్వడం మామూలుగా జరుగుతుంది. రిజిస్ట్రార్ నోటీసు అమలాపురం ఇంటికి వస్తుంది, అమ్మగారు తీసుకుని అల్మారాలో పెడతారు, మీరు ఆ నెలంతా ఫ్లయిట్లలో ఉంటారు. వార్షిక రిటర్ను వేయలేదన్న నోటీసుకి జవాబు వెళ్లక రిజిస్ట్రేషన్ ప్రమాదంలో పడుతుంది. బేస్ ఉన్న ఊళ్లోనే, కార్యదర్శి కాని మనిషి కూడా రోజూ చూసే చిరునామా పెట్టండి. రిజిస్ట్రార్ రాష్ట్ర ప్రభుత్వ అధికారి కాబట్టి ఆఫీసు హైదరాబాద్‌లో ఉంటే తెలంగాణ రిజిస్ట్రార్, ఆంధ్రప్రదేశ్‌లో ఉంటే ఇక్కడి రిజిస్ట్రార్.

కాకినాడ ప్రశ్నకి జవాబు కూడా ఇక్కడే ఉంది. రిజిస్ట్రేషన్ రాష్ట్రానిది, వివాదం కేంద్రానిది. విమాన రవాణా సేవల్లో వివాదాల్ని చూడాల్సిన ప్రభుత్వం (కోడ్ భాషలో 'తగిన ప్రభుత్వం') కేంద్రమే. జీతం, రోస్టర్ (డ్యూటీల పట్టిక), తొలగింపు, గుర్తింపు మీద గొడవ వస్తే వెళ్లాల్సింది కేంద్ర కార్మిక శాఖకి చెందిన రీజినల్ లేబర్ కమిషనర్ దగ్గరికి, అదీ మీ బేస్ ఏ పరిధిలో ఉందో అక్కడికి. కాకినాడలోనో భీమవరంలోనో ఉన్న రాష్ట్ర లేబర్ ఆఫీసులో ఇస్తే వాళ్లు తీసుకున్నా పై అధికారులకి పంపడం తప్ప చేయగలిగింది లేదు. వారాలు పోతాయి. కోడ్‌లో కాలపరిమితి ఉంది: వివాదం పుట్టి రెండేళ్లు దాటితే కన్సిలియేషన్ అధికారి దాన్ని చేపట్టరు. తప్పు ఆఫీసులో నానిన రోజులు కూడా ఆ రెండేళ్లలోనివే.

సభ్యత్వ ఫారం దగ్గర ఎంత జాగ్రత్తగా ఉంటే, గుర్తింపు కోసం సభ్యుల సంఖ్యని సరిచూసే పరిశీలనలో అంత తక్కువ కోత పడుతుంది. ఒక్కో ఫారం మీద పేరు మస్టర్‌లో ఉన్నట్టే ఉండాలి. ఇంటిపేరు ముందా వెనకా అన్నది మనవాళ్లకి పెద్ద చిక్కు. కంపెనీ రికార్డులో ఇంటిపేరు చివర ఉంటే ఫారంలోనూ చివరే రాయాలి. కొత్త ఉద్యోగి సంఖ్య, బ్రాకెట్లో పాత సంఖ్య, బేస్, హోదా, సంతకం, తేదీ, చందా రసీదు నంబరు ఉండాలి. విలీనం తరవాత ఉద్యోగి సంఖ్యలు మారతాయి. పాత సంఖ్యతో ఉన్న ఫారాలు మస్టర్‌తో సరిపోలక పక్కన పడిపోతాయి. తేదీ లేని ఫారం, రెండు యూనియన్లలోనూ సంతకం పెట్టిన మనిషి, మధ్యలో రాజీనామా చేసినవాళ్లు, కట్టిన చందాకి ఆధారం లేనివాళ్లు కూడా కోతలోకి వెళతారు. అందుకే కావాల్సిన సంఖ్యకి 10 శాతం ఎక్కువ చేతిలో ఉంచుకోండి. 2,400 కావాలంటే 2,640 దాకా సేకరించాలి. ఈ లెక్కలో అది మొత్తం క్రూ కంటే ఎక్కువ కదా అనిపిస్తుంది. అదే సంగతి: సంఖ్య బిగుతుగా ఉన్నచోట మండలిలో రెండో కుర్చీ కోసం క్యాబిన్ క్రూ ఒక్కటే సరిపోదు, గ్రౌండ్ వాళ్లలో కొందరినైనా కలుపుకోక తప్పదు.

చందా నేరుగా యూనియన్ బ్యాంకు ఖాతాకే యూపీఐలో రావాలి, వ్యక్తుల ఖాతాలోకి కాదు. రాసే నోట్‌లో ఉద్యోగి సంఖ్య పెట్టమనండి. అదే రుజువు. పరిశీలన కాగితాల మీద జరిగినా, రహస్య ఓటుతో జరిగినా సిద్ధంగా ఉండాలి. కాగితం మీద చేరినవాళ్లు ఓటు రోజున వేరే బేస్‌లో లేఓవర్‌లో (ఫ్లయిట్ల మధ్య విశ్రాంతికి ఆగి) ఉంటారు. బేస్‌కి ఒక బాధ్యురాలిని పెట్టి, ఎవరు ఏ రోజు ఎక్కడుంటారో రోస్టర్ రాగానే రాయించండి. దరఖాస్తు పెట్టే రోజున అమల్లో ఉన్న కేంద్ర రూల్స్ కాపీ తీసి, పరిశీలన పద్ధతి ఉన్న పేజీని దరఖాస్తుకి జతచేయండి.

సంతకాలు ఎక్కడ తీసుకోవాలంటే, డ్యూటీలో కాదు, విమానంలో కాదు, క్రూ లౌంజ్‌లో కాదు. యూనిఫాం వేసుకుని అసలే వద్దు. కంపెనీ మెయిల్, కంపెనీ ఇచ్చిన ట్యాబ్, కంపెనీ అధికారి ఉన్న వాట్సాప్ గ్రూపు కూడా వాడొద్దు. డ్యూటీ వేళలో యూనియన్ పని చేశారని, సోషల్ మీడియా నిబంధన ఉల్లంఘించారని ఛార్జిషీటు ఇవ్వడానికి అవకాశం ఇచ్చినట్టవుతుంది. సెలవుకి ఊరొచ్చినప్పుడు కూర్చోవడం మేలు. కోనసీమవాళ్లకీ, పశ్చిమ డెల్టావాళ్లకీ రావులపాలెం మధ్యలో పడుతుంది. మధురపూడి విమానాశ్రయంలో దిగినవాళ్లకి రాజమండ్రి దగ్గర.

ఎవరు వర్కరు అన్న వాదన తప్పకుండా వస్తుంది. క్యాబిన్ ఇన్‌ఛార్జిలు సూపర్‌వైజర్లని, నెలకి 18,000 రూపాయలు దాటిన సూపర్‌వైజర్లు వర్కర్లు కారని యాజమాన్యం అంటుంది. చట్టం చూసేది హోదా పేరుని కాదు, ప్రధానంగా చేసే పనిని. ఇన్‌ఛార్జి కూడా తలుపులు ఆర్మ్ చేస్తుంది (అత్యవసర జారుడుబల్ల తెరుచుకునేలా సిద్ధం చేస్తుంది), భద్రతా ప్రదర్శన చూస్తుంది, సర్వీస్ చేస్తుంది, అత్యవసర పరిస్థితిలో ప్రయాణికుల్ని దింపుతుంది. సెలవు మంజూరు చేసే, శిక్ష వేసే అధికారం లేదు. ఈ పనుల పట్టికని కంపెనీ సొంత మాన్యువల్ పేజీలతో చూపించండి. నిర్ణీత కాల కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లు కూడా వర్కర్లే. వాళ్లకి పర్మనెంటువాళ్లతో సమానంగా సౌకర్యాలు రావాలని కోడ్ చెబుతోంది. కాంట్రాక్టు పొడిగింపు ఆగుతుందన్న భయంతో వాళ్లు దూరంగా ఉంటారు, కానీ లెక్కలో వాళ్లే ఎక్కువమంది కావచ్చు.

ఇదంతా జరిగేలోపు ఉన్న హక్కులు జారిపోకుండా చూసుకోవాలి. ముందుగా విలీన పథకం, దాన్ని ఆమోదించిన ఎన్‌సీఎల్‌టీ (జాతీయ కంపెనీ చట్ట ట్రిబ్యునల్) ఉత్తర్వు తెచ్చుకోండి. కంపెనీల చట్టం 230 నుంచి 232 సెక్షన్ల కింద జరిగే విలీనాల్లో ఉద్యోగుల నిబంధన ఒకటుంటుంది. సర్వీసు తెగకుండా, పాతవాటికంటే తక్కువ కాని షరతులతో తీసుకుంటామని సాధారణంగా అందులో రాస్తారు. హెచ్‌ఆర్‌కి రాసే ప్రతి ఉత్తరంలో ఆ పేరా నంబరు పెట్టండి. పాత యూనియన్‌తో కన్సిలియేషన్‌లో కుదిరిన సెటిల్‌మెంట్ ఏదైనా ఉంటే అది వారసత్వ యాజమాన్యాన్ని కూడా కట్టిపడేస్తుంది. గడువు దాటినా, దాన్ని ముగిస్తున్నామని నోటీసు ఇచ్చి 60 రోజులు గడిచేదాకా బతికే ఉంటుంది. కన్సిలియేషన్ లేకుండా ఇద్దరి మధ్యా కుదిరిన ఒప్పందం అయితే సంతకం పెట్టిన పక్షాలకే పరిమితం. పాత ఫైలు తీసి మీది ఏదో చూడండి. అలవెన్సులు, పని గంటలు, సెలవులు లాంటివి మార్చాలంటే ముందుగా 21 రోజుల నోటీసు ఇవ్వాలి. 2024 చివర్లో విలీనం తరవాత ఎయిర్ ఇండియాలో లేఓవర్‌లో ఇద్దరికో గది అన్న విధానం వచ్చినప్పుడు క్యాబిన్ క్రూ సంఘం అభ్యంతరం లేవదీసింది ఇలాంటి మార్పు మీదే.

సమ్మె విషయంలో కొత్త కోడ్ చాలా గట్టిది. 14 రోజుల ముందస్తు నోటీసు ఇవ్వకుండా సమ్మె చేయకూడదు. నోటీసు అందాక అధికారి మొదటి సమావేశం పెడితే కన్సిలియేషన్ మొదలైనట్టే. అది నడిచినంతకాలం, ముగిశాక ఇంకో ఏడు రోజులు సమ్మె చట్టవిరుద్ధం. పాల్గొన్న వర్కరుకి 1,000 నుంచి 10,000 రూపాయల జరిమానా, నెల దాకా జైలు, లేదా రెండూ. ఒకే రోజున 50 శాతం, అంతకంటే ఎక్కువమంది కలిసికట్టుగా క్యాజువల్ లీవ్ పెట్టడాన్ని కూడా సమ్మె నిర్వచనంలో కలిపారు. 2024 మేలో, ఏఐఎక్స్ కనెక్ట్ అనే విమాన సంస్థతో విలీనం నడుస్తుండగా, ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ క్యాబిన్ క్రూ పెద్ద సంఖ్యలో ఒకేసారి సిక్ అన్నారు. పాతికమందికి తొలగింపు ఉత్తర్వులు వచ్చాయి. ఢిల్లీలో చీఫ్ లేబర్ కమిషనర్ సమక్షంలో కూర్చున్నాక కంపెనీ వాటిని వెనక్కి తీసుకుంది, క్రూ పనిలోకి వెళ్లారు. అది పాత చట్టం రోజుల మాట. ఇప్పుడు అలాంటిదాన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు.

మనవైపు వాళ్లకి దీంట్లో ఒక ప్రత్యేకమైన చిక్కుంది. సంక్రాంతికి అందరూ భోగినాటికి ఊళ్లో ఉండాలనుకుంటారు, సెలవు అందరూ అదే తేదీలకి అడుగుతారు. గుర్తింపు దరఖాస్తు నడుస్తున్న రోజుల్లో అది కలిసికట్టు చర్యలా కనబడే వీలుంది. ఎవరి సెలవు వాళ్లు రోస్టర్ గడువుకి చాలా ముందే, పండగ కారణం రాసి, సొంత మాటల్లో పెట్టుకోండి. గ్రూపులో ఒకరు రాసింది అందరూ కాపీ చేసి పంపొద్దు. సెలవు రాకపోతే ఆ రోజు సిక్ అనొద్దు.

వ్యక్తిగత ఫిర్యాదులకి ఈలోపు ఒక ద్వారం తెరిచే ఉంటుంది. 20 మంది, అంతకంటే ఎక్కువమంది వర్కర్లున్న ప్రతి సంస్థలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. సభ్యులు పదిమందికి మించరు, ఇరుపక్షాలూ సమానం, మహిళా వర్కర్ల నిష్పత్తికి తగ్గకుండా మహిళలుండాలి. ఏడాది లోపు ఫిర్యాదు ఇవ్వాలి, కమిటీ 30 రోజుల్లో తేల్చాలి. తృప్తి కలగకపోతే 60 రోజుల్లో యూనియన్ ద్వారా కన్సిలియేషన్‌కి వెళ్లవచ్చు. గుర్తింపు లేని యూనియన్‌కి కూడా ఇది పనికొస్తుంది. అవతలి సంస్థ క్రూ ఫిర్యాదుల్ని మీ యూనియన్ రాసిపెట్టి గెలిపిస్తే వాళ్లు అడగకుండానే చేరతారు.

ముందు నిలబడేవాళ్లకి రక్షణ సంగతి. యూనియన్‌లో చేరకుండా బెదిరించడం, యాజమాన్యమే సొంత యూనియన్ పెట్టించడం కోడ్ రెండో షెడ్యూలులో అన్యాయ పద్ధతులుగా ఉన్నాయి. కార్యవర్గంలోని వాళ్లని రక్షిత వర్కర్లుగా గుర్తించమని ప్రతి ఏటా రాతపూర్వకంగా అడగాలి. సంఖ్య మొత్తం వర్కర్లలో ఒక శాతం, కనీసం అయిదుగురు, గరిష్ఠంగా వందమంది. వివాదం విచారణలో ఉండగా వీళ్లని తీసేయాలంటే ఆ అధికారి ముందస్తు అనుమతి కావాలి. ఈ ఉత్తరం పంపడం మరిచిపోయిన యూనియన్‌కి ఆ రక్షణ దొరకదు.

చివరిగా, ఇంట్లో నాన్నగారి భయం. శిక్షణ బాండ్ మీద ఆయన జామీను సంతకం ఉంది కాబట్టి యూనియన్‌లో చేరితే ఆ సొమ్ము కట్టమంటారేమో అని రాశారు. యూనియన్ సభ్యత్వం బాండ్ ఉల్లంఘన కాదు. బాండ్ మాట్లాడేది గడువుకి ముందు ఉద్యోగం వదలడం గురించి. అయినా ఆ కాగితం నకలు తీసి మూడు సంగతులు చూడండి: ఏ కంపెనీ పేరు మీద ఉంది, ఎంత మొత్తం, ఏ తేదీ దాకా. విలీన పథకంలో కాంట్రాక్టులు కొత్త కంపెనీకి బదిలీ అవుతాయి కాబట్టి కంపెనీ పేరు మారడం ఒక్కటే బాండ్‌ని రద్దు చేయదు. కానీ ఆయన్ని అడగకుండా బాండ్ షరతులు మార్చి ఉంటే, కాంట్రాక్టు చట్టం సెక్షన్ 133 ప్రకారం ఆ మార్పు తరవాతి లావాదేవీలకి జామీనుదారుకి బాధ్యత ఉండదు. విలీనం పేరుతో కొత్త బాండ్ మీద మళ్లీ సంతకం పెట్టమంటే, యూనియన్ చూసేదాకా పెట్టొద్దని ఆయనకి చెప్పండి. బాండ్ గడువు తీరిపోయి ఉంటే ఒరిజినల్‌నీ, అప్పట్లో ఇచ్చిన ఖాళీ చెక్కుల్నీ తిరిగి ఇమ్మని ఆయన సంతకంతో ఉత్తరం రాసి స్పీడ్ పోస్టులో పంపండి. చెక్కుల నంబర్లు ఆ ఉత్తరంలోనే రాయండి.